హార్డ్ సైడర్‌ను గడ్డకట్టించి యాపిల్‌జాక్ తీయడం: మంచుతో పోయేదేమిటి, అడుగున మిగిలేదేమిటి?

హడ్సన్_ఒడ్డు · నవంబరు 16

సభ్యులందరికీ నమస్కారం. నేను న్యూయార్క్ రాష్ట్రంలో, హడ్సన్ లోయలో ఉంటాను. మా ఊరి పక్క తోటవారు అక్టోబరులో గానుగ ఆడించి అమ్మే యాపిల్ రసాన్ని తెచ్చుకుని రెండేళ్లుగా ఇంట్లోనే సైడర్ పులియబెట్టుకుంటున్నాను. ఈ ఏడు తెచ్చిన 19 లీటర్లలో సగానికి పైగా నార్తర్న్ స్పై రకం యాపిల్ రసం, మిగిలినది గోల్డెన్ రసెట్ రకానిది. ద్రవం సాంద్రతను నీటితో పోల్చి కొలిచే హైడ్రోమీటరులో మొదటి రోజు 1.052 చూపించిన రసం ఐదు వారాలకు 1.000 దగ్గర నిలిచింది కాబట్టి, మామూలు లెక్కన 6.8 శాతం ఆల్కహాలు ఉన్నట్టు.

మా పక్కింటి పెద్దాయనకు ఎనభై దాటాయి. న్యూజెర్సీలో ఆయన తాతగారు జనవరి రాత్రుల్లో సైడర్ పీపాను పెరట్లోనే వదిలేసి, తెల్లవారాక పైన కట్టిన మంచును పగలగొట్టి తీసి పారేస్తూ, వారం పది రోజుల్లో పీపా అడుగున మిగిలిన ఘాటైన పానీయాన్ని సీసాలకు ఎత్తేవారట. దాన్నే వారు యాపిల్‌జాక్ అనేవారు. పొయ్యి లేదు, గొట్టం లేదు, ఆవిరి లేదు. మా గ్యారేజీలో కూడా జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత మైనస్ 10 డిగ్రీల దాకా దిగుతుంది. ఇది నిజంగా పనిచేసే పద్ధతేనా, ఎంత ఘాటు వరకు వస్తుంది, ఆరోగ్యానికి ముప్పు ఉందా, చట్టం ఏమంటుంది అన్న నాలుగు సందేహాలతో మీ ముందుకు వచ్చాను.

ఉష్ణమాపకం · నవంబరు 16

పనిచేస్తుంది. చిన్నప్పుడు పుల్ల ఐసు తిన్నవారెవరికీ ఈ సూత్రాన్ని కొత్తగా నేర్పనక్కరలేదు. గట్టిగా పీల్చేసరికి రంగూ తీపీ నోట్లోకి వచ్చేసి, పుల్లకు తెల్లటి మంచుగడ్డ ఒకటి మిగిలిపోయేది గుర్తుందా? నీరు గడ్డకట్టేటప్పుడు తన స్ఫటికంలోకి చక్కెరనుగానీ, ఆమ్లాన్నిగానీ, ఆల్కహాలునుగానీ రానివ్వదు. అవన్నీ స్ఫటికాల సందుల్లో ఇంకా ద్రవంగా ఉన్న భాగంలోకి నెట్టబడి, ఆ భాగం చిక్కబడుతూ పోతుంది. మన వైపు చెరకు రసాన్ని కాచి నీటిని ఆవిరిగా పంపి బెల్లం వండుతాము. ఇక్కడ అదే నీటిని మంచుగా బయటికి లాగుతున్నారు.

ఘాటు ఎంతవరకు వస్తుందన్నది పూర్తిగా ఉష్ణోగ్రత చేతిలో ఉంటుంది. మీ 6.8 శాతం సైడర్ సుమారు మైనస్ 3 డిగ్రీల వద్ద మంచు కట్టడం మొదలుపెడుతుంది. ద్రవం చిక్కబడేకొద్దీ అది గడ్డకట్టే స్థానం ఇంకా కిందికి జారుతుంది. ఆల్కహాలు, నీరు మాత్రమే ఉన్నాయనుకుని చెబితే, మైనస్ 4.5 వద్ద మిగిలే ద్రవంలో ఆల్కహాలు సుమారు 12 శాతం, మైనస్ 11 వద్ద 25 శాతం, ఇంట్లో వాడే డీప్ ఫ్రీజర్ చేరుకునే మైనస్ 18 వద్ద 33 శాతం దాకా ఉంటుంది. 40 శాతం కావాలంటే మైనస్ 23కు దిగువకు వెళ్లాలి. ఇవన్నీ పైహద్దులు మాత్రమే. మంచు స్ఫటికాల మధ్య కొంత ద్రవం చిక్కుకుని ఉండిపోతుంది కాబట్టి చేతికి వచ్చేది ఎప్పుడూ దీనికంటే తక్కువే. తాతగారి కాలంలో యాపిల్‌జాక్ ఏ ఏటికి ఆ ఏడు ఒక్కో ఘాటుతో ఉండేదంటే, దాన్ని నిర్ణయించింది ఆ ఏటి చలే తప్ప ఆయన చేతి పనితనం కాదు.

మేడిపండు · నవంబరు 17

నేను విన్నదేమంటే, ఒకసారి గడ్డకట్టించి తీస్తే ఘాటు రెట్టింపు, రెండోసారి నాలుగింతలు, మూడోసారి ఎనిమిదింతలు అవుతుందని. ఆ లెక్కన మూడు విడతల్లో 50 శాతం దాటాలి కదా?

ఉష్ణమాపకం · నవంబరు 17

దాటదండీ. ఒకే ఫ్రీజర్‌లో, ఒకే ఉష్ణోగ్రత వద్ద పదిసార్లు పెట్టినా హద్దు మారదు. 30 శాతం దగ్గరికి వచ్చిన ద్రవాన్ని మైనస్ 18లో మళ్లీ పెడితే అది కాస్త చిక్కగా, తేనెలా కదులుతుందేగాని పెద్దగా గడ్డకట్టదు. 2009లో స్కాట్లాండుకు చెందిన బ్రూడాగ్ సంస్థ ఇదే పద్ధతిలో 32 శాతం బీరు తీయడానికి ఒక ఐస్‌క్రీం కర్మాగారపు శీతల గదిని వాడుకోవలసి వచ్చింది. ఇంటి ఫ్రీజర్‌తో 50 శాతం అన్నది కట్టుకథ.

తాటితోపు · నవంబరు 17

మాది నల్లగొండ జిల్లా. మా తాతగారు తాళ్లు గీసినవారు కాబట్టి, పొద్దున దించిన కల్లు మధ్యాహ్నానికి ఎంత పులుస్తుందో, మర్నాటికి ఎందుకు పనికిరాకుండా పోతుందో చూస్తూ పెరిగాను. సారా బట్టీల సంగతి కూడా విన్నవాణ్ణే. మొదట దిగే సారాలో విషం ఉంటుందని, దాన్ని పారబోయకపోతే కళ్లు పోతాయని మా ఊళ్లో చెప్పుకునేవారు. మరి ఈ పద్ధతిలో మొదట దిగేది, చివర దిగేది అంటూ ఏమీ లేదు కదా. పారబోయవలసిన ఆ విషమంతా అడుగున మిగిలిన దాంట్లోనే ఉండిపోతుందన్నమాటేనా?

గుంటూరు_ప్రయోగశాల · నవంబరు 18

తాటితోపు గారు అడిగినది ఈ చర్చకంతటికీ కీలకమైన ప్రశ్న కాబట్టి కొంత వివరంగా రాస్తాను. నేను డిగ్రీ కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధిస్తాను.

యాపిల్‌లో పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. జామకాయ జెల్లీని గట్టిపరిచేది కూడా అదే. పండులోనే ఉండే ఒక ఎంజైము ఈ పెక్టిన్‌ను తాకినప్పుడు, కళ్లు పోగొట్టే విషమైన మిథనాలు కొద్దిపాటిగా విడుదల అవుతుంది. అందువల్ల ఏ పండ్ల రసం పులియబెట్టినా అందులో స్వల్పంగా మిథనాలు ఉంటుంది, సైడర్‌లోనూ ఉంటుంది. రసం తేటపడటానికి కొందరు కలిపే పెక్టిక్ ఎంజైము ఈ మోతాదును ఇంకాస్త పెంచుతుంది. గడ్డకట్టించినప్పుడు నీరు మాత్రమే తొలగిపోతుంది కాబట్టి ఇథనాలుకూ (మత్తునిచ్చే మామూలు ఆల్కహాలుకూ) మిథనాలుకూ మధ్య నిష్పత్తి మారదు. నాలుగు గ్లాసుల సైడర్ తాగినవాడి ఒంట్లోకి ఎంత మిథనాలు వెళ్తుందో, ఆ నాలుగు గ్లాసుల నుంచి తీసిన యాపిల్‌జాక్ తాగినవాడి ఒంట్లోకి కూడా దాదాపు అంతే వెళ్తుంది. కొత్త విషమేదీ పుట్టదు. మన దగ్గర కల్తీ సారా తాగి జనం చనిపోయారని వార్తల్లో చదివే ఘోరాల్లో ఎక్కువ భాగం పరిశ్రమల కోసం తయారైన మిథనాలును తెచ్చి కలపడం వల్ల జరిగినవే తప్ప, పండు పులిసినందువల్ల జరిగినవి కావు.

బట్టీలో మొదట దిగేదాన్ని పారబోసేది ముఖ్యంగా అసిటాల్డిహైడు, ఇథైల్ అసిటేటు వంటి ఘాటు వాసనల పదార్థాల కోసం. గోళ్ల రంగును తుడిచే ద్రావకం వాసన గుర్తు తెచ్చుకోండి, అదే. గడ్డకట్టించే పద్ధతిలో వీటిని వేరుచేసే దారే లేదు. వీటితోపాటు, పులిసేటప్పుడు కొద్దిగా పుట్టే ఫ్యూజల్ ఆల్కహాళ్లు అనే ఇతర ఆల్కహాళ్లు కూడా మొత్తంగా మిగిలిపోతాయి. తాగిన మర్నాడు తల పగిలిపోతున్నట్టు ఉండడానికి ఇవి కొంత కారణం కాగా, అసలు కారణం కొలత తప్పడం. 250 మిల్లీలీటర్ల సైడర్ గ్లాసులో 17 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటే, 20 శాతం యాపిల్‌జాక్ అదే గ్లాసు నిండా పోస్తే 50 మిల్లీలీటర్లు ఉంటుంది. తియ్యగా, చల్లగా ఉండటం వల్ల గొంతు దిగేటప్పుడు ఆ తేడా తెలియదు.

ఇక్కడితో ఆగితే సగమే చెప్పినట్టు. నీరు కానిదల్లా చిక్కబడుతుందన్న సూత్రం ఆల్కహాలుకు ఒక్కదానికే వర్తించదు. ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో 18వ శతాబ్దంలో సైడర్ తాగేవారికి భయంకరమైన కడుపునొప్పి, చేతులు పడిపోవడం వంటి లక్షణాలు వచ్చేవి. ఆ జబ్బుకు డెవన్ కోలిక్ అనే పేరే స్థిరపడింది. సైడర్ గానుగల్లో, తొట్లలో వాడిన సీసమే అందుకు కారణమని జార్జ్ బేకర్ అనే వైద్యుడు 1767లో నిరూపించాడు. పుల్లటి రసం సీసాన్ని కరిగించుకుంది. అది మామూలు సైడర్‌లోనే జరిగిన సంగతి; దాన్ని మూడింతలు చిక్కబరిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు పెట్టకూడదని మన ఇళ్లలో చెప్పేమాట ఇక్కడ అక్షరాలా పాటించవలసినదే. పాత ఊరగాయ జాడీ అందంగా ఉంది కదా అని, దాని పూత ఎలాంటిదో తెలియకుండా అందులో యాపిల్‌జాక్ నిలవచేయవద్దు. గాజు, స్టీలు, ఆహారానికి పనికివచ్చే ప్లాస్టిక్కు చాలు.

అలాగే కుళ్లిన పండ్లను గానుగలో వేయకూడదు. వాటిమీద పెరిగే నీలి బూజు పాట్యులిన్ అనే విషపదార్థాన్ని తయారుచేస్తుంది. అమెరికాలో యాపిల్ రసానికి దీని హద్దు కిలోకు 50 మైక్రోగ్రాములు. పులిసేటప్పుడు ఈస్టు దీన్ని చాలావరకు విడగొట్టేస్తుంది, అయినా కుళ్లు పండును ఏరివేయడానికి అది మినహాయింపు కాకూడదు. సైడర్ చెడిపోకుండా సల్ఫైటు అనే నిలవమందు కలిపే అలవాటున్నవారు కూడా లెక్క చూసుకోవాలి. లీటరుకు 50 మిల్లీగ్రాములు వేసినది మూడో వంతుకు చిక్కబడితే 150కి దగ్గరగా చేరుతుంది. ఉబ్బసం ఉన్నవారికి అది చిన్న విషయం కాదు.

తాటితోపు · నవంబరు 18

చాలా సంతోషం మాస్టారూ. ఇన్నేళ్లుగా మా ఊరి మాటనే నిజమనుకుంటూ వచ్చాను.

నిర్వాహకుడు · నవంబరు 18

హడ్సన్_ఒడ్డు గారి నాలుగో సందేహానికి ఎవరూ బదులివ్వలేదు కాబట్టి వేదిక తరఫున నేను రాస్తున్నాను. అమెరికాలో సైడర్ ఫెడరల్ చట్టం దృష్టిలో వైను కిందికి వస్తుంది. ఇంట్లో ఒకే పెద్దవారు ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకుమించి ఉంటే 200 గ్యాలన్ల వరకు సొంత వాడకానికి పన్ను లేకుండా చేసుకోవచ్చు. స్పిరిట్లకు, అంటే బ్రాందీ వంటి ఘాటైన మద్యాలకు, ఇటువంటి మినహాయింపు ఒక్క చుక్కకు కూడా లేదు. పులియడం వల్ల వచ్చిన ఆల్కహాలును ఆ తర్వాత నీరు తీసివేసి పెంచడాన్ని, అది పొయ్యితో చేసినా మంచుతో చేసినా, అధికారులు స్పిరిట్ల తయారీ కిందే చూస్తారు. ఆవిరి లేదు, గొట్టం లేదు అన్న వాదన అక్కడ నిలబడదు. పక్కింటి పెద్దాయన తాతగారి కాలం వేరు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉన్న సభ్యులకు ఇంకా స్పష్టంగా చెప్పాలి. 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తుపానీయం తయారు చేయడమే నేరం. సైడర్ దశలోనే అది నేరమవుతుంది, గడ్డకట్టించేదాకా వెళ్లనక్కరలేదు. ఈ చర్చను చదివి ఎవరూ ఫ్రీజర్ ఖాళీ చేయవద్దు.

నెల్సన్_పెరడు · నవంబరు 20

నేను న్యూజీలాండులో, నెల్సన్ దగ్గర ఉంటాను. ఇక్కడ 1996 నుంచి సొంత వాడకానికి ఇంట్లో స్పిరిట్లు తీసుకోవడం చట్టబద్ధమే, అమ్మడానికి మాత్రం వీల్లేదు. కాబట్టి ఈ పని మూడేళ్లు చేసిన అనుభవంతో, దాచకుండా రాయగలుగుతున్నాను. మా వైపు చలికాలపు రాత్రులు సున్నాకు అటూ ఇటూ తిరుగుతాయేగాని మైనస్ 10 కలలోని మాట. అందుకే డీప్ ఫ్రీజర్‌ను నమ్ముకున్నాను.

మొదటి ఏడు గాజు జాడీని మెడ దాకా నింపి ఫ్రీజర్‌లో పెట్టాను. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం ఉబ్బుతుందని పదో తరగతిలో చదువుకున్నవాణ్ణే. తెల్లవారి తలుపు తీసేసరికి జాడీ అడుగు పళ్లెంలా ఊడివచ్చి, సైడర్ మంచు బఠాణీల పొట్లాల మీదుగా కారి గడ్డకట్టి ఉంది. మా ఇంటావిడ ఆ బఠాణీల సంగతి ఇప్పటికీ మరచిపోలేదు.

రెండో ఏడు పాత్ర సరిగానే ఎంచుకున్నాను, పండు తప్పుగా ఎంచుకున్నాను. తక్కువ ధరకు దొరికాయని గ్రానీ స్మిత్ పండ్లు ఎక్కువగా వేశాను. సైడర్‌గా తాగినప్పుడు ఆ పులుపు ఎంతో బాగుంది. లీటరుకు ఏడు గ్రాముల ఆమ్లం ఉన్న సైడర్‌ను మూడింతలు చిక్కబరిస్తే 21 గ్రాములకు చేరుతుందన్న లెక్క నాకు తట్టలేదు. నిమ్మరసంలో లీటరుకు 50 గ్రాముల దాకా ఉంటుందని గుర్తుంచుకుంటే ఆ పానీయం ఎలా ఉండిందో తెలుస్తుంది. ఒక గుక్కకు పళ్లు జివ్వుమన్నాయి. మిగిలినది మాంసం నానబెట్టడానికి వాడుకున్నాము.

మూడో ఏడు బుద్ధి వచ్చింది. మా ప్రాంతంలోనే 1952లో పుట్టిన బ్రేబర్న్ రకాన్ని కొద్దిగా, పులుపు తక్కువగా ఉండే గాలాను ఎక్కువగా వేశాను. సైడర్ పులిసిన తర్వాత సల్ఫైటు వేయకుండా వసంతం దాకా ఆగాను. ఇంట్లో వెచ్చదనం 18 డిగ్రీలకు పెరిగేసరికి లాక్టిక్ బాక్టీరియా పని మొదలుపెట్టి, పదునైన మాలిక్ ఆమ్లాన్ని పెరుగులో ఉండే మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మార్చింది. ఆ తర్వాత ఈస్టు మడ్డి ఒక్క చెంచా కూడా రాకుండా తేటను వేరే పాత్రలోకి వంచుకున్నాను. మడ్డి ఉన్న సైడర్‌ను గడ్డకట్టిస్తే ఆ మడ్డి రుచి కూడా మూడింతలు అవుతుంది.

అసలు పని చాలా తేలిక. రెండు లీటర్ల పాల డబ్బాల్లో 1.7 లీటర్లకు మించకుండా పోసి, ఒకటిన్నర రోజు ఫ్రీజర్‌లో ఉంచుతాను. డబ్బా మొత్తం గట్టి దిమ్మలా కనిపిస్తుంది. కంగారు పడకుండా మూత తీసి, కొలత గీతలున్న గాజు పాత్ర మీద తలకిందులుగా నిలబెట్టి వదిలేస్తాను. మొదటి అరగంటలో కారేది ముదురు తేనె రంగులో, నూనెలా మెల్లగా జారుతుంది. గంట గడిచేసరికి రంగు పలచబడి టీ డికాక్షన్ రంగుకు, తర్వాత గడ్డి రంగుకు వస్తుంది. పైన డబ్బాలో మిగిలిన దిమ్మ సరిగ్గా ఉష్ణమాపకం గారు చెప్పిన పుల్ల ఐసులా, తెల్లగా, సున్నపురాయిలా బోలుబోలుగా అయిపోతుంది. ప్రతి పది నిమిషాలకూ ఒక చుక్క నాలుక మీద వేసుకుని, నీటి రుచి మొదలైన క్షణంలో కింది పాత్ర తీసేస్తాను. అలా వచ్చినదాన్ని రెండోసారి గడ్డకట్టించి మళ్లీ కారనిస్తాను. నాలుగు లీటర్ల నుంచి చివరికి ఒక లీటరు వచ్చింది. ఘాటు ఎంతో తెలుసుకుందామని హైడ్రోమీటరు వేస్తే 1.004 చూపించింది. అంటే ఆల్కహాలే లేనట్టా? ఈ ముడి నాకు ఇంతవరకు విడలేదు.

ఉష్ణమాపకం · నవంబరు 20

హైడ్రోమీటరు తప్పు చెప్పలేదు, మీరు అడిగిన ప్రశ్నకు అది జవాబివ్వలేదు. ఆల్కహాలు ద్రవాన్ని తేలిక చేస్తుంది. మిగిలిన చక్కెర, ఆమ్లం, ఇతర పదార్థాలు బరువు చేస్తాయి. రెండూ కలిసి చిక్కబడినప్పుడు ఒకదాన్ని ఒకటి కప్పేస్తాయి. దీనికి పాతకాలపు ఉపాయం ఒకటుంది. మీ యాపిల్‌జాక్‌లో 200 మిల్లీలీటర్లు కచ్చితంగా కొలిచి, మూతలేని గిన్నెలో సగానికి మరిగించండి; ఆల్కహాలంతా గాలిలోకి పోతుంది. కిటికీ తెరిచి ఉంచండి, మంట దగ్గర వంగవద్దు. చల్లారాక మరిగించి చల్లార్చిన నీటితో మళ్లీ సరిగ్గా 200కు నింపి, మొదట కొలిచిన ఉష్ణోగ్రత వద్దే హైడ్రోమీటరు వేయండి. మొదటి అంకె నుంచి రెండో అంకెను తీసివేసి ఒకటి కలిపితే, అది ఆల్కహాలు, నీరు మాత్రమే ఉన్న మిశ్రమపు సాంద్రత అవుతుంది. దాన్ని పట్టికతో పోల్చుకోవచ్చు.

నెల్సన్_పెరడు · నవంబరు 23

చేసి చూశాను. మరిగించి నీళ్లు కలిపిన తర్వాత 1.028 వచ్చింది. 1.004 లోంచి 1.028 తీసి ఒకటి కలిపితే 0.976. పట్టికలో అది దాదాపు 20 శాతం. నాలుగు లీటర్ల 6.6 శాతం సైడర్‌లో మొత్తం 264 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటే, చేతికి వచ్చిన లీటరులో 200 ఉన్నట్టు లెక్క తేలింది. మిగిలిన 64 మంచుతో పోయింది. నాలుగో వంతు పారబోశానని తెలిసి మనసు కొంచెం చివుక్కుమంది.

ఉష్ణమాపకం · నవంబరు 23

నాలుగో వంతు పోవడం ఇంటి పద్ధతిలో మామూలే. నష్టం తగ్గాలంటే నెమ్మదిగా గడ్డకట్టనివ్వాలి. వేగంగా కడితే స్ఫటికాలు సన్నగా పుట్టి వాటి సందుల్లో ద్రవం చిక్కుకుంటుంది, నెమ్మదిగా కడితే పెద్ద పలకలుగా పెరిగి ద్రవాన్ని తేలిగ్గా వదిలేస్తాయి. డబ్బాకు పాత దుప్పటి చుట్టి ఫ్రీజర్‌లో పెట్టి చూడండి. ఈ విషయంలో మాత్రం పెరట్లో పీపా పెట్టిన తాతగారు మనకంటే నయం.

ఎడిసన్_వాసి · నవంబరు 24

మాది న్యూజెర్సీ. ఇక్కడి దుకాణాల్లో యాపిల్‌జాక్ పేరుతోనే సీసాలు దొరుకుతాయి. అవి కూడా ఇలా గడ్డకట్టించి తీసినవేనా?

పాతసంగతులు · నవంబరు 24

కాదు. ఆ పేరుకు మీ రాష్ట్రంలోనే పెద్ద చరిత్ర ఉంది. మన్మత్ కౌంటీలో స్థిరపడిన లెయిర్డ్ కుటుంబం 1780లో డిస్టిలరీ స్థాపించి, నేటికీ అదే పేరుతో నడుపుతోంది. వారి పానీయాన్ని మెచ్చి జార్జ్ వాషింగ్టన్ తయారీ విధానం అడిగి తెలుసుకున్నాడని ఆ కుటుంబం చెబుతుంది. ఆ రోజుల్లో దీనికి జెర్సీ మెరుపు అన్న అర్థం వచ్చే ముద్దుపేరు కూడా ఉండేది. అయితే అది బట్టీ పట్టిన యాపిల్ బ్రాందీ. 1960ల చివరినుంచి యాపిల్‌జాక్ పేరుతో అమ్ముతున్న ఆ సీసాలో యాపిల్ బ్రాందీకి ధాన్యపు స్పిరిటు కలుపుతున్నారు. అంటే దుకాణంలోని యాపిల్‌జాక్‌కూ పెరట్లో పీపాకూ పేరులో తప్ప పోలిక లేదు. ఫ్రాన్సులోని నార్మండీలో తీసే కాల్వడోస్ అనే యాపిల్ బ్రాందీ కూడా బట్టీ పట్టినదే.

గడ్డకట్టించే అలవాటు అమెరికా ఈశాన్య మూలనున్న న్యూ ఇంగ్లండు రైతులకు ఎందుకు అబ్బిందన్నది వేరే ఆసక్తికరమైన సంగతి. యాపిల్ గింజ నాటితే తల్లి చెట్టు లాంటి పండు రాదు, ఎక్కువసార్లు పుల్లగా, వగరుగా ఉంటుంది. జానీ యాపిల్‌సీడ్‌గా పేరుపడ్డ జాన్ చాప్‌మన్ ఊరూరా గింజలు నాటి పెంచిన తోటల పండ్లు తినడానికి కంటే గానుగకే ఎక్కువగా వెళ్లేవి. శరదృతువులో పీపాలకొద్దీ సైడర్, చలికాలంలో ఊరికే దొరికే మంచు. బట్టీకి రాగి పాత్ర కొనే స్తోమత లేనివారు దొరికినదానితో సరిపెట్టుకున్నారు.

హడ్సన్_ఒడ్డు · నవంబరు 25

ఇంత శ్రద్ధగా సమాధానాలు రాసిన అందరికీ కృతజ్ఞతలు. చట్టం సంగతి తెలిశాక ఆ పని చేయదలచుకోలేదు. నా 19 లీటర్లను సైడర్‌గానే సీసాలకు ఎత్తేస్తాను. కాని గ్యారేజీలో ఆ చలి ఊరికే పోతుందే అన్న దిగులు మాత్రం వదలడం లేదు.

మాంట్రియల్_మంచు · నవంబరు 26

దిగులు అక్కరలేదు అన్నగారూ, అదే చలిని మీరు ముందుకు జరుపుకోండి. మా కెబెక్‌లో ఐస్ సైడర్ చేసేది అలాగే. పులిసిన తర్వాత కాకుండా, పులియక ముందే రసాన్ని గడ్డకట్టించి, చిక్కటి తీపి రసాన్ని వేరుచేసి, దాన్ని పులియబెడతారు. డన్హమ్ ఊళ్లో క్రిస్టియన్ బార్థొమఫ్ అనే ఆయన 1990 ప్రాంతంలో దీన్ని మొదలుపెట్టారు. 2014 నుంచి కెబెక్ ఐస్ సైడర్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మన బందరు లడ్డుకు ఉన్నటువంటిదే. చెట్టు మీదే గడ్డకట్టిన పండును కోసి గానుగ ఆడించడం ఒక దారి, రసాన్ని ఆరుబయట చలికి వదలడం ఇంకో దారి. ఎక్కువమంది చేసేది రెండోదే. పులియబోయే రసం కనీసం 30 బ్రిక్సు (అంటే బరువులో సుమారు 30 శాతం చక్కెర) ఉండాలి, తయారైన దాంట్లో ఆల్కహాలు 7 నుంచి 13 శాతం మధ్య ఉండాలి. తీపి చాలా మిగిలిపోతుంది. నెల్సన్_పెరడు గారు చెప్పిన పులుపు ఇబ్బంది ఇక్కడ వరంగా మారుతుంది, ఎందుకంటే అంత తీపిని మోయాలంటే అంత పులుపూ కావాలి. మీ నార్తర్న్ స్పై దీనికి చక్కగా సరిపోతుంది.

నిర్వాహకుడు · నవంబరు 26

ఇందులో ఆల్కహాలంతా పులియడం వల్లనే వస్తోంది, ఆ తర్వాత దాన్ని పెంచడం లేదు. కాబట్టి ఇది ఇంటి వైను హద్దులోనే ఉంటుంది. సోర్బేటు వంటి నిలవమందు కలిపిన రసం కొనవద్దు, అది పులియదు.

హడ్సన్_ఒడ్డు · ఫిబ్రవరి 2

ఆలస్యంగానైనా కబురు చెబుతున్నాను. తోటవారి దగ్గర ఆఖరి విడతలో 20 లీటర్ల నార్తర్న్ స్పై రసం దొరికింది. నాలుగు ప్లాస్టిక్ బకెట్లలో మూడొంతులు మాత్రమే నింపి, దుప్పట్లు చుట్టి గ్యారేజీలో పెట్టాను. జనవరి మొదటి మూడు వారాలు ఉష్ణోగ్రత మైనస్ 8కీ మైనస్ 14కీ మధ్య ఊగింది. కారనిచ్చి పట్టిన ఐదు లీటర్లు హైడ్రోమీటరులో 1.139 చూపించాయి, అంటే సుమారు 32 బ్రిక్సు. చెంచాతో రుచి చూస్తే పానకంలా ఉంది, వెంటనే వెనకాల నిమ్మకాయ పిండినంత పులుపు. ఈస్టుకు ఆహారం కలిపి, గోరువెచ్చటి నీటిలో నానబెట్టి వేసినా నాలుగు రోజుల దాకా ఉలుకూ పలుకూ లేదు.

మాంట్రియల్_మంచు · ఫిబ్రవరి 2

అంత తీపిలో ఈస్టు నిద్ర లేవడానికి సమయం తీసుకుంటుంది. తొందరపడి ఇంకో పొట్లం వేయకండి. 15 డిగ్రీల దగ్గర ఉంచి వదిలేయండి. 1.060 చేరువకు రాగానే చలిలోకి మార్చి ఆపవలసి ఉంటుంది, లేకపోతే తీపి, పులుపుల పొందిక పోతుంది.

హడ్సన్_ఒడ్డు · ఏప్రిల్ 6

1.061 దగ్గర ఫ్రిజ్‌లోకి మార్చాను. వారంలో తేటపడటం మొదలైంది. లెక్క ప్రకారం పది శాతానికి కాస్త పైన. పక్కింటి పెద్దాయనకు చిన్న గ్లాసులో ఇచ్చాను. ఇది మా తాత యాపిల్‌జాక్ కాదు అని ఒకటికి రెండుసార్లు అని, ఇంకో గ్లాసు అడిగారు. బకెట్లలో మిగిలిన మంచును పారబోయబుద్ధి కాక కరిగించి చూస్తే 1.023 ఉంది. దాన్నీ పులియబెట్టాను. మూడు శాతం చిల్లర ఆల్కహాలుతో, పలచటి మజ్జిగలా తేలిగ్గా, ఎండాకాలానికి పనికివచ్చే పానీయం ఒకటి పద్నాలుగు లీటర్లు తయారైంది.

నెల్సన్_పెరడు · ఏప్రిల్ 7

మంచును కరిగించి కొలవాలని నాకు మూడేళ్లలో ఒక్కసారి కూడా తోచలేదు. ఈసారి దుప్పటి చుట్టి చూస్తాను. మా దగ్గర గాలా కోతలు ఇప్పుడే పూర్తయ్యాయి.